రాయొచ్చు గానీ చదవకూడదు

“నాకు కనబడుతోంది కదా!”

నా ఉద్యోగం మొత్తంలో ఒళ్లు మండించిన మాట ఏదని అడిగితే ఇదే చెబుతాను. కింది ఉద్యోగి వచ్చి స్క్రీన్ మీద ఏమీ రావడం లేదంటాడు. పై అధికారి తన గదిలో, తన కంప్యూటర్‌లో, తన లాగిన్‌తో తెరిచి చూస్తాడు. అన్నీ వస్తాయి. రాకేం చేస్తాయి, ఆయనకు అన్ని తలుపులూ బార్లా తెరిచిపెట్టాం కదా! అంతటితో విచారణ ముగిసిపోతుంది. “నాకు కనబడుతోంది కదా, నీకేం రోగం?” అని పంపించేస్తాడు.

నేను వరంగల్‌లో ఒక పెద్ద దవాఖానలో డేటాబేస్ చూసే పని చేసి రిటైరయ్యాను. దవాఖాన పేరు రాయను. రాస్తే ఆ ఒక్క చోటే ఇలా జరిగిందనుకుంటారు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇంటికి వచ్చి ఏ కోర్సు చేయాలి, ఏ సర్టిఫికెట్‌కు విలువుంది అని అడుగుతుంటారు. ఆ సంగతులు నాకన్నా మీకే బాగా తెలుసు. కోర్సులో చెప్పనిది నేను చెబుతాను. కోపం చల్లారాక చెబుదామని ఇన్నాళ్లు ఆగాను. చల్లారలేదు, కాబట్టి కోపంగానే చెబుతున్నాను.

అసలు పని

డేటాబేస్ అంటే టేబుళ్లు. పేషెంట్ల వివరాలకు ఒక టేబుల్, రక్త పరీక్షలకు ఒకటి, ఎవరికి ఏ మందు పడదో రాసే అలర్జీలకు ఒకటి. ఒక్కో టేబుల్ మీద నాలుగు అధికారాలుంటాయి: చదవడం, కొత్తగా రాయడం, ఉన్నది మార్చడం, తీసేయడం. ఎవరికి ఏ అధికారం ఇవ్వాలన్నది నిర్ణయించి అమలు చేయడమే పర్మిషన్ల పని. చెప్పుకుంటే ఇంతే.

ఒక్కొక్కరికీ విడివిడిగా ఇస్తూ పోతే తెల్లవారదు కాబట్టి గుంపులు చేస్తాం. డాక్టర్ల గుంపు, నర్సుల గుంపు, ల్యాబ్ గుంపు. గుంపుకు అధికారం ఇస్తే అందులో ఉన్నవాళ్లందరికీ వస్తుంది. చేసే పనిని బట్టి గుంపు ఉండాలి. రోగి మంచం దగ్గర నిలబడే మనిషికి అలర్జీల టేబుల్ కనబడాలి. బిల్లులు చూసే మనిషికి దానితో పని లేదు. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే మాటే ఇది. మా పెద్దలకు మాత్రం అర్థం కాలేదు.

వాళ్ల లెక్కలో పర్మిషన్ అంటే కుర్చీ మీద పరిచే టర్కీ టవల్. హోదా పెరిగితే టవల్ వస్తుంది, పర్మిషనూ రావాలి. మా అకౌంట్స్ ఆఫీసర్ ఒకాయన ఒకరోజు రుసరుసలాడుతూ వచ్చాడు.

“ఏంది వీరస్వామీ, నా కింద పనిచేసే పోరనికి డిలీట్ ఉన్నదంట, నాకు లేదంట! నా సీనియార్టీ ఏం గావాలె?”

“మీరు ఏం డిలీట్ చేస్తరు సార్?”

“ఏం చేస్త అని కాదు. నాకు ఉండాలె.”

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చినట్లుంది ఆయన బాధ. నేను ఒక ఖాళీ టేబుల్ తయారుచేసి, దాని మీద ఆయనకు డిలీట్ అధికారం ఇచ్చాను. “ఇచ్చిన సార్” అంటే పొంగిపోయి చాయ్ తెప్పించాడు. రిటైరయ్యేదాకా ఆ అధికారాన్ని ఆయన ఒక్కసారి కూడా వాడలేదు. ఆ రోజు నవ్వుకున్నాను. ఇదే బుద్ధి తిరగబడి రోగి మంచం దాకా వస్తుందని అప్పుడు అనుకోలేదు.

ఎర్ర అక్షరాలు

మా సూపరింటెండెంట్ గారికి రెండు మోజులుండేవి. ఒకటి, కాగితం లేని దవాఖాన. కేస్ షీట్ మీద నర్సులు ఎర్ర సిరాతో ‘ఈ సూది పడదు’ అని పెద్దగా రాసేవారు. కంప్యూటర్ ఉండగా కాగితం ఎందుకని అది మాన్పించాడు. రెండోది, పైనుంచి తనిఖీకి వచ్చేవాళ్లకు స్క్రీన్ మీద తప్పు కనబడకూడదు. అధికారం లేని మనిషి ఒక టేబుల్ తెరిస్తే డేటాబేస్ నిజాయితీగా ‘నీకు పర్మిషన్ లేదు’ అని ఎర్ర అక్షరాల్లో చెబుతుంది. ఆ ఎరుపు ఆయనకు గిట్టలేదు. సాఫ్ట్‌వేర్ రాసిన హైదరాబాద్ కంపెనీకి నేరుగా ఫోన్ చేసి, ఆ మాటకు బదులు నల్ల అక్షరాల్లో ‘నో రికార్డ్స్ ఫౌండ్’ అని వచ్చేలా చేయించాడు.

ఆ రెండు మాటలకు తేడా ఎంతో ఆలోచించండి. ‘నీకు పర్మిషన్ లేదు’ అంటే లోపల ఏదో ఉంది, నువ్వు చూడలేకపోతున్నావని అర్థం. ‘రికార్డులు లేవు’ అంటే లోపల ఏమీ లేదని అర్థం. అలర్జీల స్క్రీన్ మీద ఆ రెండో మాట చూసిన డాక్టర్ ‘ఈ రోగికి ఏ మందైనా పడుతుంది’ అని చదువుకుంటారు. దాచడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. మా సూపరింటెండెంట్ గారు డేటాబేస్ చేత అబద్ధం చెప్పించాడు.

అది చాలదన్నట్టు మరొకటి జరిగింది. ఎవరో పేషెంట్ రిపోర్టు ఫొటో వాట్సాప్‌లో తిరిగింది. ఆ ఫొటోలో ఉన్నది సూపరింటెండెంట్ గారి పేషీలో ఉన్న కంప్యూటరే. వెనక గోడకున్న క్యాలెండర్ కూడా కనబడుతోంది. అయినా ఆయన అనుమానం ఔట్‌సోర్సింగ్ వాళ్ల మీదికే పోయింది. పర్మనెంట్ కాని మనిషికి నిజాయితీ కూడా పర్మనెంట్‌గా ఉండదని ఆయన నమ్మకం. మళ్లీ కంపెనీకి ఫోన్. ఔట్‌సోర్సింగ్ వాళ్లందరినీ ఒక కొత్త గుంపులో వేసి, ఆ గుంపు పేషెంట్ల రిపోర్టులు, అలర్జీలు చదవకుండా అడ్డుకట్ట వేయించాడు. రాసే అధికారం మాత్రం ఉంచాడు. పని ఆగకూడదు కదా! నాకు ఒక్క మాట చెప్పలేదు.

స్వరూప

జ్వరాల వార్డులో స్వరూప అనే స్టాఫ్ నర్సు ఉండేది. ఏజెన్సీ ద్వారా వచ్చిన ఔట్‌సోర్సింగ్ ఉద్యోగిని. ములుగు వైపు నుంచి రోజూ బస్సులో వచ్చి వెళ్లేది. ఆ మార్పు జరిగిన మర్నాడే ఆమె గమనించింది. తాను ఎక్కించిన వివరాలు సేవ్ కొట్టగానే కనబడకుండా పోతున్నాయి. వెళ్లి పేషీలో చెప్పుకుంది.

“సార్, నేను ఎక్కిస్తాన, సేవ్ గొడ్తె మాయమైతాంది. ఎక్కుతాందో లేదో ఎర్కయితలేదు సార్.”

సూపరింటెండెంట్ గారు తన కంప్యూటర్‌లో తెరిచాడు. ఆయనది అడ్మిన్ లాగిన్. ఆ లాగిన్‌కు ఏ అడ్డుకట్టా అడ్డు రాదు.

“నాకు కనబడుతోంది కదా! పని చేసుకోపో.”

ఔట్‌సోర్సింగ్ వాళ్లు కంప్యూటర్ సెల్‌కు నేరుగా రాకూడదని ఇంకో రూలుండేది. అందుకని నా దాకా రాలేదు.

కొద్ది రోజులకు ములుగు అవతల ఒక గూడెం నుంచి జ్వరంతో ఒకామె వచ్చి చేరింది. పేరు సమ్మక్క. వెంట వచ్చిన భర్త స్వరూపతో మొదటి మాటే అది చెప్పాడు. “మేడం, గా పెన్సిలిన్ సూది దీనికి పడది. పోయినపాలి పానం మీదికొచ్చింది.” స్వరూప వెంటనే అలర్జీల స్క్రీన్‌లో ఎక్కించింది. సేవ్ కొట్టింది. మాయమైంది. మళ్లీ ఎక్కించింది. మళ్లీ మాయమైంది. అలా నాలుగుసార్లు ఎక్కించి, డ్యూటీ దిగేటప్పుడు తర్వాతి నర్సుకు నోటితో కూడా చెప్పింది. ఆ నర్సును మధ్యాహ్నం వేరే వార్డుకు పంపించారు.

మధ్యాహ్నం డ్యూటీలో ఉన్నది డాక్టర్ నస్రీన్. మా ఊరి పిల్లే, కొత్తగా కాంట్రాక్టు మీద చేరింది. సూది రాసే ముందు అలర్జీల స్క్రీన్ తెరిచింది. నో రికార్డ్స్ ఫౌండ్. రోగిని అడగొద్దా అంటారేమో, అడిగింది. సమ్మక్క జ్వరంలో మూలుగుతోంది. భర్త మందుల కోసం కిందికి వెళ్లాడు. సూది వేశారు. నిమిషాల్లో మొహం ఉబ్బి, ఊపిరి ఆడక, సమ్మక్క మంచం మీద గిలగిలలాడింది. నస్రీన్ దగ్గరే ఉండబట్టి, విరుగుడు మందు చేతికందబట్టి బతికింది. చాలా రోజులు ఐసీయూలో ఉండి బయటపడింది.

మర్నాడు పొద్దున స్వరూపకు మెమో వచ్చింది. అలర్జీ వివరం కంప్యూటర్‌లో ఎక్కించకుండా రోగి ప్రాణానికి ముప్పు తెచ్చిందట. ఏజెన్సీ వాళ్లు విచారణ తేలేదాకా పనిలోకి రావద్దన్నారు. ఆమె భర్త ఆటో నడుపుతాడు, ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. పైగా పేషెంట్‌ను చంపబోయిన నర్సు అన్న పేరు వస్తే ఈ చుట్టుపక్కల ఏ దవాఖానా గడప తొక్కనివ్వదు. ఆమెకు పోయేది ఒక్క ఉద్యోగం కాదు, వృత్తి.

కుర్చీలో కూర్చుని చూడండి

విచారణకు వేసిన కమిటీ ముందు పెట్టడానికి ‘స్వరూప ఎక్కించలేదు’ అనే రుజువు తీసుకురమ్మని నాకు ఆర్డర్ వచ్చింది. చూశారా, ఎక్కించిందో లేదో చూడమని కాదు. ఎక్కించలేదని రుజువు కావాలట.

నేను నా గదిలో చూడలేదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. పర్మిషన్ గొడవ వస్తే ఫిర్యాదు చేసిన మనిషి దగ్గరికి పోవాలి, ఆ మనిషి కుర్చీలోనే ఆ మనిషి లాగిన్‌తో చూడాలి. వార్డుకు పోయి నస్రీన్‌ను లాగిన్ అవమన్నాను. సమ్మక్క పేరు కొట్టి అలర్జీలు తెరిచింది. నో రికార్డ్స్ ఫౌండ్.

“సార్, నేను చూసిన. నిజంగ చూసిన. గిట్లనే ఉండె.”

“ఫికర్ చెయ్యకు బిడ్డా. నువ్వు చూసినవ్. ఇది చూపియ్యలే.”

అప్పుడు స్క్రీన్‌ను పక్కనపెట్టి నేరుగా టేబుల్‌లో చూశాను. ఒకే అలర్జీ, నాలుగు వరుసలు, నాలుగింటి పక్కన స్వరూప లాగిన్, టైమూ. ఆమె ఎక్కించింది. ఉన్నది కనబడటం లేదంటే పర్మిషనే. ఇక వరుసగా వెతకాలి. ఈ లాగిన్ ఏ గుంపుల్లో ఉంది? ఏ గుంపుకు ఏం ఇచ్చారు? ఎక్కడైనా ‘వద్దు’ అని ఉందా? నస్రీన్ డాక్టర్ల గుంపులో ఉంది. ఆ గుంపుకు చదివే అధికారం ఉంది. సాధారణంగా చాలామంది ఇక్కడితో ఆగి, అన్నీ బాగానే ఉన్నాయని రాసేస్తారు. ఆగకూడదు. కాంట్రాక్టు మనిషి కాబట్టి ఆమెను ఆ కొత్త ఔట్‌సోర్సింగ్ గుంపులో కూడా వేశారు. ఆ గుంపు మీద ‘చదవొద్దు’ అని ఉంది. మేము వాడే డేటాబేస్‌లో పది గుంపులు ‘ఊ’ అన్నా ఒక్క గుంపు ‘వద్దు’ అంటే వద్దే నెగ్గుతుంది.

స్వరూప సంగతీ తేలిపోయింది. రాయొచ్చు గానీ తాను రాసింది తాను చదవకూడదు. రోగి ప్రాణానికి సంబంధించిన మాట రాసే మనిషికి, అది సరిగా పడిందో లేదో చూసుకునే హక్కు లేకుండా చేసిన బుర్ర ఎలాంటి బుర్ర?

కంపెనీ కుర్రాడికి ఫోన్ చేశాను. “పెద్దసార్ చెప్పిండ్రు, నేను చేసిన” అన్నాడు. వాడిని తిట్టడానికి కూడా మనసొప్పలేదు. కమిటీ చూసేదాకా సిస్టంలో ఏదీ ముట్టొద్దని ఆర్డర్ ఉండటంతో, అప్పటిదాకా అలర్జీలు కాగితం మీద కూడా రాయమని వార్డులకు చెప్పాను.

కమిటీ ముందు రోజు సూపరింటెండెంట్ గారు నన్ను పిలిపించాడు. “కందకు లేని దురద కత్తిపీటకెందుకు వీరస్వామీ? ఆమె ఏజెన్సీ మనిషి. పోతే ఇంకొకరొస్తరు. నువ్వు రిటైర్మెంట్ దగ్గర పెట్టుకున్నవ్, నిమ్మళంగ ఉండు.” బెదిరించలేదు. మంచి చెబుతున్నట్టే చెప్పాడు. నాకు దానికే ఎక్కువ మండింది.

కమిటీ

కమిటీలో ముగ్గురు డాక్టర్లు. స్వరూపనూ నస్రీన్‌నూ కూడా పిలిపించి కూర్చోబెట్టారు. సూపరింటెండెంట్ గారు తన ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాడు. నేను టేబుల్ వరుసలు చూపించాక, ఆయన అదే స్క్రీన్ తెరిచి అందరివైపు తిప్పాడు.

“సరే, ఎక్కించిందే అనుకుందాం. మరి నాకు కనబడుతోంది కదా! డాక్టరమ్మకు ఎందుకు కనబడలేదు? సరిగ చూసి ఉండదు.”

“సార్, అదే ల్యాప్‌టాప్‌లో మీరు లాగౌట్ కొట్టండి. నస్రీన్ మేడంను లాగిన్ కానివ్వండి” అన్నాను.

ఆయన ఒప్పుకోలేదు. కమిటీ పెద్దాయన “కానివ్వండి” అన్నాడు. నస్రీన్ లాగిన్ అయింది. అదే ల్యాప్‌టాప్, అదే రోగి, అదే స్క్రీన్. నో రికార్డ్స్ ఫౌండ్. ఏ గుంపు ఎవరి ఆర్డర్‌తో వచ్చిందో, ఎర్ర అక్షరాలు ఎవరు తీయించారో నేను వరుసగా చెప్పాను.

తప్పు స్వరూప మీదికి నెట్టేయడానికి నస్రీన్‌కు మంచి అవకాశమే ఉండింది. నర్సు చెప్పలేదు, నాకేం తెలుసు అనేస్తే ఆమె బయటపడేది. అనలేదు. “నాకు కనబడలే సార్. అంతే గానీ ఆమె ఎక్కియ్యలేదని నేనెట్ల అంట?” అంది.

అప్పుడైనా స్వరూపను వదిలారనుకుంటున్నారా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు కొత్త నేరం వెతికారు. సూపరింటెండెంట్ గారు ఆ నాలుగు వరుసల మీద వేలు పెట్టాడు.

“ఒకే ముచ్చట నాలుగుసార్లు ఎందుకు ఎక్కించినవమ్మా? ఇది నిర్లక్ష్యం కాదా?”

అప్పటిదాకా తలవంచుకుని కూర్చున్న స్వరూప తలెత్తింది.

“కనబడలే సార్. ఎక్కలేదనుకొని మల్ల ఎక్కించిన. మీ దగ్గరికి కూడ వచ్చి చెప్పిన గద సార్, మాయమైతాందని. మీరు పని చేసుకోపో అన్నరు. గదే చేసిన.”

ఎక్కించలేదని మెమో ఇచ్చిన మనిషే, ఎక్కువసార్లు ఎక్కించిందని నిందించాడు. ఎన్నో సాఫ్ట్‌వేర్ లోపాలు చూశాను. ఇంత సిగ్గుమాలిన లోపం మాత్రం ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ చూడలేదు.

తర్వాతి వారం సూపరింటెండెంట్ గారు ఇంకో ఆర్డర్ ఇచ్చాడు: అందరికీ అన్ని పర్మిషన్లూ ఇచ్చేయమని. ఉంటే ఉగాది, లేకుంటే శివరాత్రి. రాతపూర్వకంగా కుదరదన్నాను. ఎవరి పనికి ఏది కావాలో వార్డు వార్డు తిరిగి అడిగి, అంతే ఇచ్చాను. ఎర్ర అక్షరాలు తిరిగి పెట్టించాను. మీరూ అంతే చేయండి. అన్నీ ఇవ్వడం ఉదారత కాదు, బద్ధకం. ఏమీ ఇవ్వకపోవడం భద్రత కాదు, పిరికితనం.

పేరు

విచారణ ముగిసింది. స్వరూపకు మాత్రం పిలుపు రాలేదు. ఆమె జాగాలో ఏజెన్సీ వేరే మనిషిని పంపేసింది. హనుమకొండలో ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో అడిగితే, పాత చోట ఎందుకు తీసేశారో కాగితం తెమ్మన్నారు. పేషీకి పోతే కమిటీ రిపోర్టు కాన్ఫిడెన్షియల్, ఇవ్వం అన్నారు. ఆమె నా దగ్గరికి వచ్చింది.

“సార్, నా తప్పు లేదని గా రిపోర్టుల రాసిండ్లా? జర చెప్పుండ్లి సార్.”

రాశారు. పర్మిషన్లు సరిచేయడానికని నాకొక కాపీ పంపారు కాబట్టి నేను చదివాను. మెమోలో ఆమె ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఊరు, లాగిన్ అన్నీ ఉన్నాయి. రిపోర్టులో ‘సాంకేతిక కారణాల వల్ల సమాచారం కనబడలేదు, సంబంధిత ఔట్‌సోర్సింగ్ ఉద్యోగిని లోపం కనబడలేదు’ అని ఒక్క ముక్క ఉంది. నేరం మోపడానికి పేరు దొరికింది. నేరం లేదనడానికి మాత్రం ఆమె ఉత్త ‘సంబంధిత ఉద్యోగిని’ అయిపోయింది. సూపరింటెండెంట్ గారు కారణంగా కాదు కదా, సాక్షిగా కూడా ఎక్కడా లేడు.

ఆ రిపోర్టు ఇచ్చినా ఆమెకు పనికిరాదు. నేనే ఒక కాగితం తీసుకుని రాశాను. ఈ దవాఖాన డేటాబేస్ బాధ్యుడిగా ధ్రువీకరిస్తున్నాను. రోగి అలర్జీ వివరాన్ని ఫలానా స్వరూప, ఫలానా వారి కూతురు, ఫలానా ఊరు, తన డ్యూటీలో సరిగా ఎక్కించింది. అది డాక్టరుకు కనబడకపోవడానికి కారణం పై అధికారి ఆదేశంతో చేసిన మార్పు. సంతకం పెట్టి, నా హోదా ముద్ర వేసి ఇచ్చాను.

ఆమె నిలబడే చదివింది. పేరున్న చోట ఆగి మళ్లీ చదివింది.

“గిది ఇస్తె మిమ్మల్ని ఏమన్న అంటరేమో సార్.”

“అంటరు.”

“మల్ల?”

“అననియ్యి. నువ్వు హనుమకొండ బస్సు ఎక్కు, అక్కడి ఆఫీసోళ్లు పోయేలోపు ఇచ్చిరా.”

ఆమెను తీసుకున్నారు. ఇప్పటికీ అక్కడే పనిచేస్తోంది.

నాకు రిటైర్మెంట్‌కు ముందు నెలలో మెమో వచ్చింది. ఎవరి అనుమతితో ఆ ధ్రువీకరణ ఇచ్చారో సంజాయిషీ ఇవ్వాలట. దాంట్లో నా ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఊరు ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాశారు.